ఒరిజినలేనా అండీ?

(ఒక సంగీతాభిమానుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

మీకు నచ్చిన ఆల్బం ఒకటి తీసుకుని గంటసేపు మాట్లాడండి అన్నారు నిర్వాహకులు. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ గురించి మాట్లాడతానన్నాను. ఫోన్లో అవతలివైపు కాసేపు మాట లేదు. ముందు వరసలో పెద్దవాళ్లు కూర్చున్నారు, ఈయనకేమైంది అన్నట్టు చూస్తున్నారు. కంగారుపడకండి, ఘంటసాల గారితోనే మొదలుపెడతాను.

నేను ఎనభైల చివర తెనాలిలో క్యాసెట్ షాపు నడిపాను. బస్టాండుకి దగ్గర్లో, ఎనిమిదడుగుల గది. జనం చీటీ మీద పాటలు రాసుకొచ్చేవాళ్లు, అవన్నీ సిక్స్‌టీలోకో నైంటీలోకో, అంటే అరవై, తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్లలోకి, ఎక్కించి ఇవ్వడం మా పని. కంపెనీ క్యాసెట్లు కూడా అమ్మేవాళ్లం. ఒక పెద్దాయన ఘంటసాల పాటల క్యాసెట్ కొనుక్కెళ్లి, మర్నాడు పొద్దున్నే, నేను షట్టరు పూర్తిగా ఎత్తకముందే వచ్చేశాడు. "ఏమయ్యా, ఇందులో పాడేది ఘంటసాల కాదుగా?" అన్నాడు. అట్ట తిప్పి చూస్తే పాత పాటలన్నీ వేరే గాయకుడు పాడాడు. ఆ సంగతి కళ్లజోడు పెట్టుకున్నా కనపడనంత చిన్న అక్షరాల్లో ఉంది. పైన మాత్రం ఘంటసాల బొమ్మ ఇంత పెద్దది. నేను కూడా చూసుకోలేదు. డబ్బులు తిరిగిచ్చేశాను. ఆ కంపెనీ మాత్రం నాకు తిరిగివ్వలేదు, అది వేరే కథ.

అప్పటినుంచీ షాపుకొచ్చిన ప్రతివాడూ ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఒరిజినలేనా అండీ?" ఒరిజినల్ అంటే మొదట పాడినవాళ్లది. దాన్ని మళ్లీ ఎవరు పాడినా అది వర్షన్ సాంగ్, అంటే ఒక మెట్టు కింద. ఇది నా బుర్రలో ముప్పై ఏళ్లపాటు మేకు కొట్టినట్టు ఉండిపోయింది.

2021 ఏప్రిల్‌లో ఆ మేకు ఊడింది.

ఆ నెల 9న స్విఫ్ట్‌ది 'ఫియర్‌లెస్ – టేలర్స్ వెర్షన్' అని ఒక ఆల్బం వచ్చింది. కొత్త ఆల్బం అనడానికి లేదు. 2008 నవంబరు 11న వచ్చిన 'ఫియర్‌లెస్'నే అదే గాయని, అవే పాటలు, దాదాపు అదే వాయిద్యంతో మళ్లీ పాడి విడుదల చేసింది. మన లెక్కలో వర్షన్ సాంగ్స్ క్యాసెట్టే. కానీ మొదటి వారంలోనే అమెరికాలో 2,91,000 యూనిట్లు పోయి, బిల్‌బోర్డ్ 200 అనే ఆల్బంల జాబితాలో ఒకటో స్థానానికి వెళ్లింది. మళ్లీ రికార్డు చేసిన ఆల్బం ఆ స్థానానికి చేరడం అదే మొదటిసారి. పైగా కొన్నవాళ్లకి అది మళ్లీ పాడినదని తెలుసు. తెలిసే, పాతది పక్కనపెట్టి దీన్ని కొన్నారు. మా పెద్దాయన ఉంటే ఏమనేవాడో!

యూనిట్లు అన్నాను కదా, క్యాసెట్లు అమ్మినవాణ్ణి కనుక దాని సంగతి చెప్పకపోతే నాకు తోచదు. ఇప్పుడు అమ్మకం అంటే డిస్కులు లెక్కపెట్టడం ఒక్కటే కాదు. డబ్బు కట్టి వినేవాళ్లు ఆ ఆల్బంలోని పాటల్ని 1,250 సార్లు స్ట్రీమింగ్‌లో వింటే ఒక ఆల్బం అమ్మినట్టు అప్పటి లెక్క. ఉచితంగా వినేవాళ్లయితే 3,750 సార్లు. మా రోజుల్లో ఈ పద్ధతి ఉంటే, అరువుకి తీసుకెళ్లి అరిగేదాకా విని తిరిగిచ్చేవాళ్ల పుణ్యాన నేనూ బాగుపడేవాణ్ణి.

సరే, ఎందుకు మళ్లీ పాడింది? ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే అసలు విషయం ఇదే.

ఒక పాటకి రెండు హక్కులుంటాయి. సాహిత్యం, బాణీ కలిపి ఒకటి. ఆ పాటని స్టూడియోలో పాడి, రికార్డు చేసి, చివరికి తయారైన టేపు ఉంటుంది చూశారూ, అది రెండోది. దాన్నే మాస్టర్ అంటారు. అమెరికాలో మామూలుగా కొత్తవాళ్లు కంపెనీతో ఒప్పందం చేసుకున్నప్పుడు మాస్టర్లు కంపెనీకి పోతాయి. స్విఫ్ట్‌ది పెన్సిల్వేనియా. కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లె బాణీ పాటలు, పాడాలని చిన్నప్పుడే పట్టుబడితే కుటుంబం ఆ పాటల కేంద్రమైన నాష్‌విల్ వైపు మకాం మార్చింది. 2005లో, పదిహేనేళ్ల వయసులో, అప్పుడే పెట్టిన బిగ్ మెషీన్ అనే కంపెనీతో ఒప్పందం కుదిరింది. దాని యజమాని స్కాట్ బోర్చెట్టా. 2006 నుంచి 2017 దాకా ఆరు ఆల్బంలు చేసింది. ఆరింటి మాస్టర్లూ కంపెనీవే. ఇందులో మోసం ఏమీ లేదు, ఆ వ్యాపారం నడిచే తీరే అది.

2018లో ఆమె ఆ కంపెనీ వదిలి యూనివర్సల్ వాళ్ల రిపబ్లిక్ అనే కంపెనీకి వెళ్లింది. కొత్త ఒప్పందంలో ఇకపై చేసే మాస్టర్లు తనవే అని రాయించుకుంది. 2019 జూన్‌లో బిగ్ మెషీన్‌ని స్కూటర్ బ్రాన్ అనే ఆయన కంపెనీ కొనేసింది. జస్టిన్ బీబర్‌కి మేనేజర్‌గా పేరు తెచ్చుకున్నాయన. ధర దాదాపు 30 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. కంపెనీతోపాటు ఈ ఆరు ఆల్బంల మాస్టర్లూ వెళ్లిపోయాయి. తన పాటలు కొనుక్కునే అవకాశం తనకి సరిగా ఇవ్వలేదని, అమ్మకం సంగతి అందరితోపాటే తనకీ తెలిసిందని, అందులోనూ బ్రాన్ చేతికి వెళ్లడం తను ఊహించుకోగల అతి చెడ్డ సంగతని ఆమె బహిరంగంగా రాసింది. బోర్చెట్టా ఆ మాట ఒప్పుకోలేదు, నా వైపు కథ ఇదీ అని ఆయనా పెట్టాడు. ఎవరిది ఎంత నిజమో తేల్చడానికి మనం పంచాయితీ పెట్టలేదు కాబట్టి వదిలేద్దాం. 2020 చివర్లో ఆ మాస్టర్లు మళ్లీ చేతులు మారి షామ్‌రాక్ అనే పెట్టుబడి సంస్థకి చేరాయి. పాడినావిడకి తప్ప అందరికీ దొరుకుతున్నాయన్నమాట!

2019 జూలైలో కెల్లీ క్లార్క్‌సన్ అనే మరో గాయని ఒక సలహా ట్వీట్ చేసింది. ఆ పాటలన్నీ మళ్లీ పాడేయ్, కొత్త అట్టలు వెయ్యి, జనం పాతవి కొనకుండా ఏదన్నా అదనంగా ఇవ్వు అని. ఆ తరువాత ఒక్కో ఆల్బం మళ్లీ వచ్చినప్పుడల్లా స్విఫ్ట్ దగ్గరినుంచి తనకి పూలు వస్తున్నాయని క్లార్క్‌సన్ చెప్పింది. సలహా ఇచ్చిన పాపానికి మనకెవరైనా పూలు పంపారా ఎప్పుడైనా?

మళ్లీ పాడటానికి చట్టం ఒప్పుకుంటుందా? రెండు అడ్డంకులుంటాయి. ఒకటి, ఒప్పందంలో ఇన్నేళ్లదాకా ఇవే పాటలు వేరేచోట పాడకూడదని షరతు ఉంటుంది. ఆమెకి ఆ గడువు మొదటి ఐదు ఆల్బంల వరకు 2020 నవంబరుతో తీరింది. రెండోది, పాట రాసినవాళ్లకి మళ్లీ పాడినవాళ్లు కట్టాల్సిన రాయల్టీ. ఆ పాటలు రాసింది ఆమే, ఒంటరిగానో ఒకరిద్దరితో కలిసో. అంటే తన రాయల్టీ తనకే వస్తుంది! ఈ రెండో విషయం లేకపోతే కథ వేరేలా ఉండేది. ఇంకో సంగతి, సినిమాలో గానీ ప్రకటనలో గానీ ఒక రికార్డింగ్ వాడాలంటే రెండు హక్కుల వాళ్లూ సరే అనాలి. పాత మాస్టర్లు ఎవరి దగ్గరున్నా, రాసినావిడ వద్దంటే అవి ప్రకటనలకెక్కవు. అదే సమయంలో తన కొత్త రికార్డింగ్‌కి తను ఊ అనొచ్చు. ఆల్బం రాకముందే, 2020 డిసెంబరులో, ఒక డేటింగ్ సైటు ప్రకటనలో కొత్త 'లవ్ స్టోరీ' వినపడింది. సాక్షాత్తు సైతానుకీ 2020వ సంవత్సరానికీ ప్రేమ కుదిరినట్టు తీశారా ప్రకటన. కోవిడ్ ఏడాది కదా, జనం పగలబడి నవ్వారు.

ఇది ఆమె కనిపెట్టిన విద్య కాదు. ఫ్రాంక్ సినాట్రా కాపిటల్ కంపెనీ వదిలి సొంత కంపెనీ పెట్టుకున్నాక పాత పాటలు మళ్లీ పాడాడు. ప్రిన్స్ అనే గాయకుడు తన కంపెనీతో గొడవపడి ముఖం మీద 'బానిస' అని రాసుకు తిరిగాడు, తరువాత '1999' పాటని మళ్లీ రికార్డు చేశాడు. డాలీ పార్టన్ 1974లో పాడిన పాటని 1982లో మళ్లీ పాడితే రెండుసార్లూ కంట్రీ జాబితాలో ఒకటో స్థానం వచ్చింది. 2021 ఫిబ్రవరిలో కొత్త 'లవ్ స్టోరీ' ఆ జాబితా పైకి చేరడంతో, ఆ ఘనత దక్కిన రెండో మనిషి స్విఫ్ట్ అయింది. కానీ వీళ్లెవరూ చేయనిది ఆమె చేసింది. పాత పాట వింటే తప్పేమో అన్న భావన శ్రోతల్లో కలిగించింది. అది ఏ చట్టంలోనూ లేని హక్కు.

ఎలా కలిగించిందో చూడండి. ఫిబ్రవరి 11న ఆల్బం రాబోతోందని ఒక ఉత్తరం పెట్టింది. అందులో అక్కడక్కడా అనవసరంగా పెద్ద అక్షరాలు. అభిమానులు వాటిని ఏరి పక్కపక్కన పెడితే 'ఏప్రిల్ నైన్త్' అని వచ్చింది. నాలుగో నెల, తొమ్మిదో తేదీ, కలిపితే పదమూడు. ఆమెకి కలిసొచ్చిన అంకె అదే. పాత 'ఫియర్‌లెస్'లో పదమూడు పాటలు, ఇందులో ఇరవై ఆరు. అందులో ఆరు అప్పట్లో రాసి పక్కన పెట్టేసినవి. వాటికి 'ఫ్రమ్ ద వాల్ట్' అని పేరు, అంటే భోషాణంలోంచి తీసినవని. క్లార్క్‌సన్ చెప్పిన ఆ అదనం ఇదే. పాత అట్ట మీద జుట్టు ఎగరేసిన అమ్మాయి ఫోటో మీకు గుర్తుండొచ్చు. కొత్త అట్ట మీదా జుట్టు ఎగురుతూనే ఉంది, రంగు మాత్రం పాతకాలపు ఫోటోల్లోలాగా గోధుమవన్నె. మా క్యాసెట్ కంపెనీ ఘంటసాల బొమ్మ వేసి దాచిన విషయాన్ని, ఈవిడ పేరులోనే పెట్టి అమ్మింది: ఇది నా వెర్షన్ అని.

ఇక పాట సంగతి. నేను సౌండ్ మనిషిని కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

పాతదానికి నిర్మాతలు నేథన్ చాప్‌మన్, స్విఫ్ట్. కొత్తదానిలో పాత పాటల పని స్విఫ్ట్, క్రిస్టఫర్ రో కలిసి చేశారు. వాయించింది ఎక్కువగా ఆమెతో ఏళ్ల తరబడి ఊరూరా తిరిగిన బ్యాండు. 'బ్రీత్' పాటలో అప్పుడు గొంతు కలిపిన కోల్బీ కాలే మళ్లీ వచ్చి పాడింది. పాత రికార్డింగ్‌లో తన గొంతుని ఒక్కో లైను విని, ఎక్కడ ఎలా విరిచానో గమనించి, బాగుచేయగలిగినచోట బాగుచేశానని స్విఫ్ట్ చెప్పింది. తనని తనే మిమిక్రీ చేసుకోవడం! ఇది వినడానికి సులువే కానీ, మైకు ముందు నిలబడ్డవాళ్లని అడగండి. నిన్న పాడినట్టు ఇవాళ పాడటమే కష్టం. పన్నెండేళ్ల నాటి గొంతు తేవడమంటే!

తేలేదు కూడా. తేలేకపోవడమే నాకు నచ్చింది. 2008లో ఆ గొంతు పీలగా, ముక్కులోంచి, కంట్రీ యాసతో వస్తుంది. స్వరాన్ని అందుకోవడానికి మునివేళ్ల మీద నిలబడ్డట్టు ఉంటుంది. 2021లో గొంతు నిండుగా ఉంది, యాస తగ్గింది, పట్టు దొరికింది. 'ఫిఫ్టీన్' అనే పాట ఉంది. పదిహేనేళ్ల పిల్లకి, కంగారుపడకు, ముందు చాలా ఉంది అని చెప్పే పాట. అది పద్దెనిమిదేళ్ల అమ్మాయి పాడుతుంటే, మూడేళ్లు పెద్దదానికి అంత ఆరిందాతనమా అని ముద్దొస్తుంది. అదే పాట ముప్పై ఒకటో ఏట పాడితే అందులో ఒక్క అక్షరం మారకపోయినా నిజంగా అక్క చెబుతున్నట్టు ఉంది. నా మటుకు నాకు ఈ ఒక్క పాట కోసం ఆల్బం మొత్తం మళ్లీ చేసినా నష్టం లేదు. 'యూ బిలాంగ్ విత్ మీ' మాత్రం పాతదే. అందులో ఉక్రోషం ఉండాలి, ముప్పై దాటాక ఆ ఉక్రోషం నటించాలి. విమర్శకుల్లోనూ ఈ రెండు మాటలూ వినపడ్డాయి. చాలామంది మెచ్చుకున్నారు, గొంతు ముదిరిందని సంతోషించారు. పాతదానికి ఇంత దగ్గరగా చేసినప్పుడు కళగా ఇందులో కొత్తేముందని అడిగినవాళ్లూ ఉన్నారు.

'హే స్టీఫెన్' పాటలో ఒకచోట ఆ అమ్మాయి పాడుతూ పాడుతూ కిసుక్కున నవ్వుతుంది. 2008లో అది దానంతటదే వచ్చిన నవ్వులా వినపడుతుంది. కొత్త రికార్డింగ్ రాగానే అభిమానులు ముందు వెతికింది ఆ నవ్వు ఉందా లేదా అని. ఉంది! అనుకోకుండా వచ్చిన నవ్వుని అనుకుని నవ్వింది. ఇందులో ఏది ఒరిజినల్ అని అడిగితే నేను షాపు మూసుకుని ఇంటికి పోతాను.

గ్రామీల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. పాత 'ఫియర్‌లెస్'కి 2010లో ఏడాది ఉత్తమ ఆల్బం సహా నాలుగు గ్రామీలు వచ్చాయి. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు, అప్పటిదాకా ఆ అవార్డు అందుకున్నవాళ్లందరిలోకీ చిన్నది. కొత్తదాన్ని ఆ పోటీకి అసలు పంపలేదు, దీనికి రావలసినవి ఎప్పుడో వచ్చాయి అన్నారు. ఇక్కడ గమనించండి, రెండూ ఒకటే ఆల్బం అని వాళ్లే ఒప్పుకున్నట్టయింది! అమ్మేటప్పుడు వేరు, అవార్డుల దగ్గర ఒకటి.

తరువాత వరద. 2021 నవంబరులో 'రెడ్' మళ్లీ వచ్చింది, అందులో పది నిమిషాల పాట ఒకటి హాట్ 100 అనే పాటల జాబితాలో మొదటి స్థానానికి వెళ్లిన పాటలన్నిటిలోకీ పొడవైనదయింది. అమెరికాలో పెద్ద రేడియో సంస్థ అయిన ఐహార్ట్ ఇకపై కొత్త వెర్షన్లే వేస్తామంది. 2023లో 'స్పీక్ నౌ', ఆ వెనకే '1989'. ఈ చివరిదాని లెక్క వినండి. 2014లో మొదటి వారం 12,87,000. మళ్లీ పాడినప్పుడు మొదటి వారం 16,53,000. వర్షన్ సాంగ్స్ క్యాసెట్ ఒరిజినల్‌ని అమ్మకాల్లో దాటేసింది. అయితే ఒకే ఆల్బంని రకరకాల రంగుల రికార్డులుగా, రకరకాల అట్టలతో వదిలి ఒక్కో అభిమాని చేత నాలుగేసి కొనిపించడం కూడా ఇందులో ఉంది. 'ఫియర్‌లెస్' కూడా కొన్ని నెలలు అయ్యేసరికి కిందికి జారిపోయి, 2021 అక్టోబరులో వినైల్ రికార్డులు, సంతకాల సీడీలు చేతికందగానే మళ్లీ ఒకటో స్థానానికి ఎగిరింది. న్యాయం కోసం పోరాటం, గల్లాపెట్టె రెండూ ఒకే కౌంటర్లో నడిచాయి. వ్యాపారం చేసినవాణ్ణి, నేను తప్పుపట్టను, కానీ చూడనట్టు నటించను.

మన దగ్గర ఇది జరుగుతుందా అని చాలామంది అడుగుతారు. జరగదనే నా అభిప్రాయం, కనీసం సినిమా పాటల్లో. మన గాయకుడు పాట రాయడు, బాణీ కట్టడు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌కి కర్త నిర్మాత. 1977లో సుప్రీంకోర్టు కూడా సినిమా కోసం డబ్బు తీసుకుని చేసిన సంగీతం నిర్మాతకే చెందుతుందంది. 2012లో చట్టం సవరించి రచయితలకీ సంగీత దర్శకులకీ రాయల్టీ వదులుకోవడానికి వీల్లేని హక్కుగా ఇచ్చారు, గాయకులకీ కొంత దారి చూపారు. రాజ్యసభలో దానికోసం జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడ్డారు. అయినా గాయకుడి చేతిలో ఉన్నదేమిటి? గొంతు. 2017 మార్చిలో బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే ఇళయరాజా గారి తరఫున లాయరు నోటీసు వెళ్లింది, అనుమతి లేకుండా నా పాటలు పాడకూడదని. బాలు గారు ఆ విషయం ఫేస్‌బుక్‌లో పెట్టి, ఇక ఆ పాటలు పాడనన్నారు. అప్పుడు మనందరికీ బాధ కలిగింది, ఇద్దరూ మనవాళ్లే. తరువాత కలిసిపోయారు. కానీ ఆ రోజు ఏం తేలిందో చూడండి. వేల పాటలు పాడిన గొంతుకి, తను పాడిన పాట మీదే చెల్లుబాటయ్యే మాట లేదు. స్విఫ్ట్ అక్కడ పాత మాస్టర్లు ప్రకటనలకెక్కకుండా ఆపగలిగింది గాయని కాబట్టి కాదు, రచయిత్రి కాబట్టి.

మన చట్టంలోనూ కవర్ వెర్షన్లకి 31సి అని ఒక సెక్షను ఉంది. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి, కనీసం 50,000 కాపీలకి రాయల్టీ ముందే కట్టాలి, ఇది కవర్ వెర్షన్ అని అట్ట మీద రాయాలి, ముందు పాడినవాళ్ల పేరు గానీ బొమ్మ గానీ వేయకూడదు. ఈ ఆఖరి షరతు చదివినప్పుడు నాకు మా పెద్దాయనే గుర్తొచ్చాడు. చట్టం వచ్చేసరికి నా షాపూ లేదు, ఆయనా లేడు.

కథకి చివరి మలుపు 2025 మే 30న. తన మొదటి ఆరు ఆల్బంల మాస్టర్లు షామ్‌రాక్ దగ్గర కొనేసుకున్నానని స్విఫ్ట్ ప్రకటించింది. ధర 36 కోట్ల డాలర్ల దాకా అని వార్తలొచ్చాయి. 'రెప్యుటేషన్' ఆల్బం మళ్లీ పాడటం పావువంతు కూడా కాలేదని, అది చెయ్యబోతే మనసొప్పలేదని కూడా రాసింది. ఇప్పుడు పాతవీ ఆమెవే, కొత్తవీ ఆమెవే. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడి కూతురు నాలుగేళ్లపాటు పాత పాటలు తన ఫోన్లో కనపడనివ్వలేదు. ఎవరైనా వేస్తే ఆపేసేది. ఆ వార్త రాగానే ఫోన్ చేశాను, ఇప్పుడేది వింటున్నావమ్మా అని. "పెదనాన్నా, టెన్షన్ పెట్టకు, పాత 'ఫియర్‌లెస్' పెట్టుకుని పొద్దుటినుంచీ ఏడుస్తున్నా" అంది.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. ఇందాక చెప్పిన 'హే స్టీఫెన్'లో ఆ నవ్వు ఉన్న ముక్క రెండు రికార్డింగుల్లోంచీ తెచ్చాను. ఏది ముందు వేస్తున్నానో చెప్పను. రెండూ అయ్యాక, మొదటిది 2008ది అనుకున్నవాళ్లు చెయ్యెత్తండి. బాబూ, ఆ ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపుతారా?